రాత్రంతా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటూ పడుకోవాలంటే ఏం చేయాలి

విజయనగరం పెద్దచెరువు గట్టు మీద ఉదయపు నడకకు వచ్చేవారు నన్ను ఆపి అడిగే ప్రశ్నల్లో సగం ముక్కుకు సంబంధించినవే. "పొద్దున లేచేసరికి నోరు పిడచకట్టుకుపోతోంది మాస్టారూ" అని ఒకరు, "మా ఆయన గురకకు పిల్లలు పక్కగదిలోకి వెళ్లిపోతున్నారు" అని మరొకరు అంటారు. ఈ మధ్య కుర్రవాళ్లయితే "రాత్రిపూట నోటికి టేపు అంటించుకుంటే మంచిదట కదా?" అని అడుగుతున్నారు. ఇన్నాళ్లూ విడివిడిగా చెప్పిన జవాబులను ఒక క్రమంలో పెట్టి ఇక్కడ రాస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాను, వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి విరమించినవాణ్ణి. కాబట్టి మందుల ప్రస్తావన వచ్చిన చోట నా మాట ఎక్కడ ఆగాలో అక్కడ ఆపుతాను.

టేపు సంగతి ముందే తేల్చేద్దాం: వద్దు. నిద్రలో నోరు తెరుచుకోవడానికి కొందరిలో అలవాటే కారణం కావచ్చు గానీ, చాలామందిలో ముక్కు చాలినంత గాలి అందించకపోవడం వల్లనే నోరు ఆ పని అందుకుంటుంది. ముక్కు దారి బాగుచేయకుండా నోటిదారి మూసేస్తే ఇంటికి వీధి తలుపూ పెరటి తలుపూ రెండూ గడియ వేసినట్టవుతుంది. అందుకే ఇక్కడ చెప్పే క్రమంలో ముందు ముక్కును శుభ్రం చేసి, తరువాత పగటిపూట దాన్ని వాడడం అలవాటు చేసి, ఆ పైననే రాత్రి జోలికి వెళతాం.

ఎందుకింత శ్రమ పడాలంటే, ముక్కు గుండా వెళ్లే గాలి గొంతు దాటేలోపే వెచ్చబడి, తేమ పట్టి, చాలావరకు దుమ్మును అక్కడే వదిలేస్తుంది. ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే సైనస్ గూళ్లలో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు తయారవుతుందని స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు 1990లలో గుర్తించారు. ముక్కుతో పీల్చినప్పుడు అది కూడా గాలితో కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి అక్కడి రక్తనాళాలను సడలిస్తుంది. నోటితో పీలిస్తే ఈ లాభాలు తగ్గిపోవడమే కాక, పడుకున్నప్పుడు దవడ జారి, నాలుక వెనక్కి ఒరిగి, గొంతు దారి ఇరుకవుతుంది. గురక ఎక్కువగా పుట్టేది అక్కడే. సిద్ధాంతం ఇంతటితో చాలు.

ముందుగా ఆగవలసినవారు

నిద్రలో మీ ఊపిరి కాసేపు ఆగిపోయి, ఉక్కిరిబిక్కిరైనట్టుగా మళ్లీ అందుకుంటోందని ఇంట్లోవాళ్లు చెబుతుంటే, లేదా పగటిపూట బండి నడుపుతూ కునుకు తీస్తుంటే, ఈ మెట్లతో నెలలు గడపకుండా ముందు వైద్యులను కలవండి. ఎప్పుడూ ఒకే వైపు రంధ్రం మూసుకుపోయి ఉండడం, ఒకే వైపు నుంచి రక్తం గాని దుర్వాసనతో కూడిన చీమిడి గాని రావడం, తలకు దెబ్బ తగిలిన తరువాత ఒక రంధ్రం నుంచి నీళ్లలా కారడం కూడా ఇంటి చిట్కాలకు లొంగేవి కావు. చిన్నపిల్లల్లో ఒకవైపు దుర్వాసన వస్తుంటే చింతపిక్కో పూసో లోపల ఇరుక్కుందేమోనని మొదట అనుమానించాలి. దాన్ని పుల్లతో తీయబోతే ఇంకా లోపలికి పోతుంది కనుక వైద్యుల చేతనే తీయించండి.

కావలసినవి

చిన్న స్టీలు పళ్లెం, ఒక నోటుపుస్తకం, జలనేతి చెంబు (ముక్కులో నీరు పోసుకోవడానికి కొమ్ము ఉన్న చిన్న చెంబు) గాని మందుల దుకాణంలో దొరికే ముక్కు కడిగే సీసా గాని, 5 మి.లీ. కొలత చెంచా, మెత్తని ఉప్పు, వంటసోడా, మరిగించి చల్లార్చిన నీరు, శబ్దం రికార్డు చేయగల ఫోను ఉంటే చాలు. వీటన్నిటికీ అయ్యే ఖర్చు స్వల్పమే. నాలుగు వారాల ఓపిక మాత్రం మీరే తెచ్చుకోవాలి.

1. మూడు రోజులు ముక్కును గమనించండి

నోరు మూసుకుని, స్టీలు పళ్లేన్ని ముక్కు కింద అడ్డంగా పట్టుకుని, మెల్లగా ఊపిరి వదలండి. పళ్లెం మీద ఆవిరి మరకలు రెండు కనిపిస్తాయి. ఏ వైపు మరక చిన్నదో ఆ వైపు దారి అప్పటికి ఇరుకుగా ఉన్నట్టు. వేసవిలో మరక పడకపోతే పళ్లేన్ని చల్లని నీటిలో ముంచి, తుడిచి చూడండి. రోజుకు మూడు నాలుగు సార్లు చూస్తే చిన్న మరక ఒకసారి కుడివైపుకు, ఒకసారి ఎడమవైపుకు మారుతూ ఉండవచ్చు. అది జబ్బు కాదు. ముక్కులోని రెండు వైపులా కొన్ని గంటలకొకసారి వంతులు మార్చుకుంటాయని జర్మన్ వైద్యుడు రిచర్డ్ కైజర్ 1895లోనే రాశాడు. ఎన్నిసార్లు చూసినా ఒకే వైపు మరక చిన్నదిగా ఉంటే ముక్కుదూలం (రెండు రంధ్రాల మధ్యనున్న గోడ) వంకర వంటి కారణం ఉండవచ్చు.

ఒక్కొక్క రంధ్రాన్ని మూసి చూసేటప్పుడు చాలామంది బొటనవేలితో ముక్కును పక్కకు నొక్కేస్తారు. అప్పుడు ముక్కుదూలం అవతలివైపుకు వంగి, బాగున్న రంధ్రం కూడా మూసుకుపోయినట్టు తోస్తుంది. వేలిని కింది నుంచి రంధ్రానికి ఆనించి మూస్తే సరిపోతుంది.

తరువాత రెండు వేళ్లతో ముక్కు పక్కనున్న చెంపను మెల్లగా చెవివైపుకు లాగి ఊపిరి పీల్చండి. అలా లాగినప్పుడు గాలి స్పష్టంగా సులువైతే ఇరుకు ముక్కుపుటం దగ్గరే ఉన్నట్టు. ఈ ఫలితాన్ని పుస్తకంలో రాసుకోండి, ఆరవ మెట్టులో అవసరమవుతుంది.

చివరి పరీక్షగా, కూర్చుని, ఒక గుక్క నీరు మింగకుండా నోట్లో పట్టి మూడు నిమిషాలు ముక్కుతో ఊపిరి తీసుకోండి. హాయిగా ఉండగలిగితే కూర్చున్నప్పుడు మీ ముక్కు చాలినంత గాలి ఇస్తోందని, రాత్రి నోరు తెరుచుకోవడానికి అలవాటో పడుకున్నప్పటి దిబ్బడో కారణమని అనుకోవచ్చు. నిమిషం తిరక్కుండానే నీరు ఉమ్మేయవలసివస్తే రెండు, మూడు, నాలుగు మెట్లే మీకు ముఖ్యం. పడుకుని మాత్రం ఈ పరీక్ష చేయకండి, పొలమారుతుంది.

ఈ మూడు రోజులూ, ఆ తరువాత కూడా, లేవగానే మూడు విషయాలు రాయండి: నోరు ఎంత ఎండింది, రాత్రి నీళ్లకోసమో మూత్రానికో ఎన్నిసార్లు లేచారు, లేచినప్పుడు ఏ వైపు ముక్కు మూసుకుని ఉంది. సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేసుకుంటే చాలు. ఈ లెక్క లేకపోతే నెల తిరిగాక "ఏదో కాస్త నయంగానే ఉంది" అనడం తప్ప చెప్పగలిగేది ఏమీ ఉండదు.

2. పడకగది నుంచి మొదలుపెట్టండి

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ముక్కుకు గడ్డుకాలం ఇంచుమించుగా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాటికి మొదలై అరసవల్లి రథసప్తమి దాకా నడుస్తుంది. మంచు, నూర్పిళ్ల దుమ్ము, గడ్డి తగలబెట్టిన పొగ, భోగి మంటలు అన్నీ ఆ నాలుగు నెలల్లోనే కూడుకుంటాయి. పలాస వైపు జీడిపిక్కలు కాల్చే చోట, జనపనార మిల్లుల్లో పనిచేసేవారికి ఏడాది పొడుగునా ఈ బాధ ఉంటుంది. పనిచోట మాస్కు, ఇంటికి రాగానే మూడవ మెట్టులో చెప్పిన కడుగుడు వారికి తప్పనిసరి.

ఊరి గాలిని మనం మార్చలేకపోయినా, రాత్రి ఏడెనిమిది గంటలు ముఖం ఆనించి ఉంచే తలగడను మార్చగలం. తరతరాలుగా ఇంట్లో తిరుగుతున్న బూరుగుదూది తలగడల మీద నాకు చాలా మమకారం ఉంది గానీ, ఉతకడానికి వీల్లేని పాత తలగడలో దుమ్ము పురుగులు స్థిరపడిపోతాయి. సముద్రపు తేమ ఉన్న మన గాలి వాటికి మరీ అనుకూలం. ఉతకగలిగిన తలగడ వాడండి. గలేబులను, దుప్పట్లను వారానికొకసారి బాగా వేడినీటిలో ఉతికి ఎండలో ఆరేయండి. ఫ్యాను రెక్కలను తడిగుడ్డతో తుడవండి, పడకగదిని పొడి చీపురుతో ఊడ్చే బదులు తడిబట్ట పెట్టండి. ఏసీ ఉంటే దాని జాలీని నెలకొకసారి కడగండి. దోమల చక్రం పొగ మూసిన గదిలో ముక్కు లోపలి పొరను రాత్రంతా రేపుతూనే ఉంటుంది కాబట్టి దాని బదులు దోమతెర కట్టుకోండి. సాంబ్రాణి వేసే అలవాటుంటే ఉదయం వేసి, కిటికీలు తెరిచి ఉంచండి.

3. ఉప్పునీటితో ముక్కు కడగండి

అన్నిటికంటే ఎక్కువ ఫలితం నేను చూసింది ఈ మెట్టులోనే, అన్నిటికంటే ఎక్కువ తప్పులు చూసిందీ ఇందులోనే. అందుకని నిదానంగా చదవండి.

మొదట నీరు. కుళాయి నీరు, బోరు నీరు, వీధి చివరి ప్లాంటు నుంచి తెచ్చుకునే ఇరవై లీటర్ల టిన్ను నీరు, ఇంట్లోని ఆర్‌ఓ నీరు, వీటిలో ఏదీ నేరుగా ముక్కులో పోసుకోవడానికి పనికిరాదు. నెగ్లేరియా ఫౌలెరి అనే అమీబా కడుపులోకి వెళితే హాని చేయదు. ముక్కు పైభాగం గుండా మెదడుకు చేరితే మాత్రం బతికి బయటపడేవారు బహు అరుదు. కేరళలో 2024, 2025 సంవత్సరాల్లో ఈ వ్యాధితో మరణాలు సంభవించాయి. ప్రమాదం అరుదైనదే అయినా, నివారణ మరీ సులువైనది: నీరు పొంగి మరగడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం పాటు అలాగే మరగనిచ్చి, మూతపెట్టి, గోరువెచ్చగా చల్లార్చి వాడండి. నేను ఐదు నిమిషాలు ఉంచుతాను. ఆ నీటిని ఒక రోజుకు మించి నిలవ ఉంచకండి. ఈ సందర్భంలోనే, వేసవిలో నిలవనీటి చెరువుల్లోకి, గెడ్డల్లోకి తలకిందులుగా దూకే పిల్లలను కూడా ముక్కు మూసుకుని దూకమని హెచ్చరించండి.

తరువాత ఉప్పు. అర లీటరు నీటికి మెత్తని ఉప్పు ముప్పావు కొలత చెంచా, అంటే సుమారు నాలుగున్నర గ్రాములు, వంటసోడా పావు చెంచా వేసి కలపండి. ఈ లెక్కన మన శరీరంలోని ద్రవాలకు ఇంచుమించు సమానమైన ఉప్పదనం వస్తుంది. నౌపడ ఉప్పుమళ్ల నుంచి వచ్చే కల్లుప్పే మీ ఇంట్లో ఉంటే, దాన్ని చెంచాతో కొలవకండి. పలుకుల మధ్య ఖాళీ ఉంటుంది కనుక కొలత తక్కువవుతుంది, తూచి వేసుకోవాలి. అందులో మట్టి కూడా ఉంటుంది కాబట్టి, ఉప్పు కరిగించిన నీటిని నూలుగుడ్డతో వడకట్టిన తరువాతనే మరిగించాలి. నాలుక మీద వేసుకుంటే కన్నీటి రుచి వచ్చిందంటే పాళ్లు కుదిరినట్టే. ఈ లెక్కలన్నీ తలనొప్పి అనిపిస్తే మందుల దుకాణాల్లో కొలిచి పెట్టిన పొట్లాలు దొరుకుతాయి.

పద్ధతి ఇది. వాష్‌బేసిన్ మీదికి నడుము వంచి, తలను ఒక పక్కకు తిప్పి, పై రంధ్రానికి చెంబు కొమ్మును ఆనించండి. నోరు తెరిచి "ఆ..." అన్నట్టుగా ఉంచి నోటితోనే ఊపిరి తీసుకోండి. చెంబును మెల్లగా వంచితే నీరు కింది రంధ్రం నుంచి దానంతట అదే ధారగా వస్తుంది. ఒక్కోవైపు సుమారు 120 మి.లీ. చాలు. సీసా వాడేవారు దాన్ని గట్టిగా పిసకకూడదు, ధార నెమ్మదిగా ఉండాలి. నీరు గొంతులోకి వస్తుంటే మీ తల వెనక్కి వాలిపోయిందని అర్థం, గడ్డాన్ని కాస్త కిందికి దించండి. భగ్గుమని మండితే ఉప్పు ఎక్కువైనా అయి ఉండాలి, తక్కువైనా అయి ఉండాలి. ఉత్త నీరు కూడా చిక్కని ఉప్పునీరులాగే మండిస్తుంది.

అయిపోయాక రెండు రంధ్రాలూ తెరిచే ఉంచి మెల్లగా చీదండి. ఒకటి మూసి రెండోదానితో బలంగా చీదడం మనందరికీ ఉన్న అలవాటు గానీ, ఆ ఒత్తిడికి నీరు చెవివైపు గొట్టంలోకి ఎక్కి చెవిపోటు వస్తుంది. మళ్లీ ఒకసారి ముందుకు వంగి, తలను ఆ పక్కకూ ఈ పక్కకూ తిప్పి, మిగిలిన నీటిని వదిలేయండి. ఇది చేయకుండా పడుకున్నవారికి అర్ధరాత్రి నీళ్లు కారి తలగడ తడుస్తుంది. కనుక పడుకోవడానికి గంట ముందే కడుగుడు ముగించండి. చెంబును వేడినీటితో కడిగి, బోర్లించి ఆరబెట్టండి. రాగి, ఇత్తడి చెంబుల్లో ఉప్పునీరు నిలవ ఉంచకూడదు.

రోజుకొకసారి, రెండు వారాల పాటు చేసి, ముక్కు తేలికపడితే వారానికి రెండు మూడు సార్లకు తగ్గించండి. చెవిలో చీము, తరచూ ముక్కు నుంచి రక్తం, ఈమధ్యే జరిగిన ముక్కు ఆపరేషన్ ఉన్నవారు వైద్యులను అడగకుండా చేయకూడదు. రెండు వైపులా పూర్తిగా బిగిసిపోయి ఉన్నప్పుడు బలవంతంగా నీరు పోయకండి. నీరు పోసుకోవడమంటే భయపడేవారు మందుల దుకాణంలో దొరికే ఉప్పునీటి స్ప్రేతో మొదలుపెట్టవచ్చు. ఫలితం కొంత తక్కువ గానీ భయం పోతుంది.

4. చుక్కల మందుల విషయంలో జాగ్రత్త

ముక్కులో వేయగానే ఐదు నిమిషాల్లో దారి తెరిచే చుక్కల మందుల్లో ఆక్సీమెటాజోలిన్ గాని జైలోమెటాజోలిన్ గాని ఉంటుంది. సీసా మీద చూసుకోండి. జలుబు బాగా ఉన్న మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు వాడడానికే అవి తయారయ్యాయి. అంతకు మించి వాడితే మందు దిగిపోగానే ముక్కు మునుపటికంటే ఎక్కువగా దిబ్బడవేస్తుంది, దానికోసం మళ్లీ చుక్కలు, ఆ చుక్కల వల్ల మళ్లీ దిబ్బడ. నేను ఒక చలికాలంలో మొదలుపెట్టి దాదాపు ఏడాది పాటు ఆ సీసాను తలగడ కింద పెట్టుకునే పడుకున్నాను. అడిగినప్పుడల్లా దుకాణంలో మరో సీసా ఇచ్చారే గానీ, ఎన్నాళ్లుగా వాడుతున్నారని ఒక్కరూ అడగలేదు. చివరకు వైద్యుల సలహాతో ఒక్కో రంధ్రానికి చొప్పున మానేశాను. ముందు కుడివైపు మాని, అది తేరుకున్నాక ఎడమవైపు. ఆ రెండు వారాలూ నరకమే గానీ తరువాత వాటి అవసరం రాలేదు. రక్తపోటు ఉన్నవారు ఈ చుక్కలను అసలు సొంతంగా వాడకూడదు.

అలర్జీ ముక్కులకు వైద్యులు రాసే ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ వంటి స్టెరాయిడ్ స్ప్రేలు వేరు రకం. అవి ఆ పూటకే పనిచేయవు, పూర్తి ఫలితానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. నాలుగో రోజున "ఏమీ లేదు" అని మానేసేవారే ఎక్కువ. కుడిచేత్తో పట్టుకుని ఎడమ రంధ్రంలోకి, ఎడమచేత్తో పట్టుకుని కుడి రంధ్రంలోకి కొట్టండి. అప్పుడు మందు మధ్యనున్న దూలం మీద కాక కంటి బయటి కొసవైపుకు వెళుతుంది, రక్తం కారే బాధ తగ్గుతుంది. గట్టిగా ఎగపీలిస్తే మందంతా గొంతులోకి పోతుంది. కడుగుడు, స్ప్రే రెండూ చేసేవారు ముందు కడిగి, పావుగంట ఆగి స్ప్రే కొట్టుకోవాలి.

ఘాటైన బామ్ రాసుకుంటే ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది. దానిలోని మెంథాల్ చల్లదనాన్ని గ్రహించే నరాలను తట్టడమే అందుకు కారణం, దారి మాత్రం వెడల్పు కాదు. కావాలంటే రాసుకోకముందు, రాసుకున్నాక పళ్లెం పరీక్ష చేసి చూడండి. ఆవిరి పట్టడం వల్ల కాసేపు ఊరట ఉంటుంది గానీ, గిన్నె ఒలికి ఒళ్లు కాలినవారిని చూశాను. పిల్లలకు మాత్రం అలా పట్టించకండి. నూనె చుక్కలు ముక్కు లోపలికి వేయడం కూడా మానండి. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే నిమోనియా రావచ్చు.

5. పగలు ముక్కును వాడడం నేర్చుకోండి

ముక్కు తేలికపడ్డాక కూడా పాత అలవాటు నోటినే వెతుక్కుంటుంది. పెదవులు కలిసి, పళ్లు కాస్త ఎడంగా, నాలుక కొస పై పళ్ల వెనక అంగిలికి ఆని ఉండడమే నోరు విశ్రాంతిగా ఉండవలసిన తీరు. ఫోను చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ నోరు ఎలా ఉందో చూసుకోండి. రోజుకు ఎన్నిసార్లు ఫోను తీస్తామో తెలుసు కనుక, ఇంతకంటే మంచి గుర్తు మరొకటి లేదు.

సాయంత్రం పది నిమిషాలు కూర్చుని నాలుగు లెక్కపెట్టేంత సేపు పీల్చి, ఆరు లెక్కపెట్టేంత సేపు వదలండి. నిమిషానికి సుమారు ఆరు ఊపిర్లు పడతాయి. మన శబ్దం మనకే వినపడనంత మెల్లగా ఉండాలి. బాగా చేస్తున్నామనుకుని పెద్ద పెద్ద ఊపిర్లు తీసేవారికి తల తిరిగి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అలా అయితే ఆపేసి మామూలుగా ఉండండి. చివర ఐదారు సార్లు భ్రమరంలా ఝుంకారం చేయండి. మామూలుగా వదిలే ఊపిరితో పోలిస్తే అలా ఝుంకారం చేసినప్పుడు ముక్కు నుంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ సుమారు పదిహేను రెట్లు ఉంటుందని 2002లో స్వీడన్ పరిశోధకులు కొలిచి చూపారు. అనులోమ విలోమం అలవాటున్నవారు ఒక రంధ్రం బిగిసి ఉన్న రోజున దానితో బలవంతంగా పీల్చకుండా ఉంటే మంచిది.

నడక దీనికి అసలైన సాధన. కదలికకు ముక్కు లోపలి రక్తనాళాలు ముడుచుకుని దారి వెడల్పవుతుంది. నడక మొదట్లో మూసుకున్న ముక్కు పది నిమిషాలకు తెరుచుకోవడం మీరూ గమనించే ఉంటారు. ఇరవై నిమిషాలు నోరు మూసుకుని నడవండి. నోరు తెరవవలసివస్తే వేగం తగ్గించండి. ఉబ్బసం ఉన్నవారు, గుండెజబ్బు ఉన్నవారు తమ హద్దు దాటకూడదు. బడిలో పిల్లలను పరుగెత్తించిన రోజుల్లో నోరు మూసుకుని గట్టు చుట్టూ తిరగమంటే పోటీలు పడేవారు. పెద్దవాళ్లకు మాటలు ఆపడమే కష్టం.

6. రాత్రి ఏర్పాటు

భోజనం పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే ముగించండి. మద్యం గొంతు కండరాలను సడలించి గురకను పెంచుతుంది, నిద్రమాత్రలదీ అదే దారి. వెల్లకిలా కాక పక్కకు తిరిగి పడుకోండి. కిందవైపున్న రంధ్రం దిబ్బడవేస్తుంది కనుక, మీ పుస్తకంలోని లెక్క ప్రకారం బాగున్న రంధ్రం పైకి ఉండేలా తిరగండి. నిద్రలో వెల్లకిలా తిరిగిపోయేవారు పాత బనీను వీపున జేబు కుట్టించి అందులో రబ్బరు బంతి పెట్టుకోవచ్చు. చూసినవాళ్లు నవ్వుతారు గానీ పనిచేస్తుంది. తల ఎత్తుకోసం రెండు తలగడలు పెడితే మెడ వంగి గొంతు ఇంకా ఇరుకవుతుంది. దాని బదులు మంచం తలవైపు కోళ్ల కింద ఒక్కో ఇటుక పెట్టండి.

ముక్కు మీద అంటించే పట్టీలు అందరికీ అక్కరలేదు. మొదటి మెట్టులో చెంప లాగినప్పుడు గాలి సులువైనవారికే అవి ఉపయోగం. ముఖం సబ్బుతో కడిగి, జిడ్డు లేకుండా తుడిచి అంటించండి.

ఇంత చెప్పాక కూడా టేపు గురించి అడిగేవారు ఉంటారు. ముక్కు దిబ్బడ ఉన్నవారు, నిద్రలో ఊపిరి ఆగేవారు, వాంతి వచ్చే అవకాశం ఉన్నవారు, మద్యం గాని నిద్రమాత్రలు గాని తీసుకున్నవారు, పిల్లలు దాని జోలికి పోనేకూడదు. ఇవేవీ లేనివారికి ముక్కు బాగుంటే పెదవులు చాలావరకు వాటంతట అవే కలిసి ఉంటాయి, ఇక టేపుతో పనేముంది?

7. ఫలితం ఇలా చూసుకోండి

పద్నాలుగో రోజున, ఇరవై ఎనిమిదో రోజున మొదటి మెట్టు పరీక్షలన్నీ మళ్లీ చేయండి. మూడు నిమిషాల నీటి పరీక్ష నెగ్గుతున్నారా, నోరు ఎండిన మార్కులు సగానికి తగ్గాయా చూడండి. మొదటివారంలో ఒక రాత్రి, నాలుగో వారంలో ఒక రాత్రి ఫోనును మంచానికి ఒకే దూరంలో పెట్టి గురకను రికార్డు చేసి పోల్చండి. ఫోను ఒకసారి తలదగ్గర, ఒకసారి బీరువా మీద పెట్టి, గురక తగ్గిందని సంబరపడినవారు ఉన్నారు.

పగటి నిద్రమత్తును కొలవడానికి ఆస్ట్రేలియా వైద్యుడు మర్రే జాన్స్ 1991లో ప్రకటించిన ఎప్‌వర్త్ కొలత ఉంది. చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, బస్సులో గంటసేపు కూర్చున్నప్పుడు, భోజనం తరువాత ఊరకే కూర్చున్నప్పుడు, ఇలా ఎనిమిది సందర్భాల్లో కునుకు పట్టే అవకాశానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేసుకోవాలి. మొత్తం 24లో పది దాటితే అది మామూలు అలసట కాదు. ముక్కు బాగుపడి, నోరు ఎండడం తగ్గి కూడా ఈ మార్కులు దిగకపోతే కారణం గొంతులో ఉందని అనుమానించాలి. ముక్కు కడిగినంత మాత్రాన నిద్రలో ఊపిరి ఆగే జబ్బు నయం కాదు, ఈ ఒక్క విషయంలో మీకు భ్రమ వద్దు.

పిల్లల సంగతి

నోరు తెరిచి పడుకుని, గురకపెట్టి, తలగడ మీద చొంగ కార్చే పిల్లవాణ్ణి "నోరు మూసుకుని పడుకో" అని గదమాయించి లాభం లేదు. మూడు నుంచి ఏడేళ్ల వయసులో ముక్కు వెనక అడినాయిడ్ కండ పెరిగి దారికి అడ్డుపడడం సామాన్యం. ఏళ్ల తరబడి అలాగే ఉంటే అంగిలి ఇరుకై, పళ్లు ఎత్తు కావచ్చు, నిద్ర చాలక చదువులో ధ్యాస తగ్గవచ్చు. చిన్నవారికి చెంబుతో కాక ఉప్పునీటి చుక్కలే వేయండి. పసిపిల్లల ఛాతీకి కర్పూరం ఉన్న మందులు రాయడం, మెడలో కర్పూరం మూట కట్టడం మానండి. కర్పూరం ఒంట్లోకి చేరితే మూర్ఛలు వస్తాయి.

వైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు

నాలుగు వారాల్లో మార్పు లేకపోతే చెవి, ముక్కు, గొంతు నిపుణులను కలవండి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లా కేంద్రాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో అడిగి చూడండి. విశాఖలో ఈ మూడింటికే ప్రత్యేకించిన ప్రభుత్వ ఆసుపత్రి కూడా ఉంది. నిద్రలో ఊపిరి ఆగుతున్నట్టు అనుమానం ఉంటే నిద్ర పరీక్ష చేయిస్తారు. పది సెకన్లు గాని అంతకు మించి గాని ఊపిరి ఆగడాన్ని, బాగా సన్నగిల్లడాన్ని లెక్కించి, గంటకు ఐదు దాటితే జబ్బుగా, ముప్పై దాటితే తీవ్రమైనదిగా చెబుతారు. అప్పుడు ముక్కుకు మాస్కు పెట్టి గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ యంత్రం ఇవ్వవచ్చు. ముక్కు దిబ్బడగా ఉన్నవారే ఆ యంత్రాన్ని తట్టుకోలేక మూలన పడేస్తుంటారు కనుక, యంత్రం వచ్చాక కూడా మూడవ మెట్టు మానకండి.

వెళ్లేటప్పుడు నోటుపుస్తకం, ఫోనులోని గురక రికార్డులు, మీరు వాడిన చుక్కల మందు సీసా, రక్తపోటు చీటీ వెంట తీసుకెళ్లండి. వీలైతే రాత్రిపూట మీ గురక వినేవారిని కూడా తోడు తీసుకెళ్లండి. నిద్రలో మీకేం జరుగుతోందో వైద్యులు అడిగినప్పుడు జవాబు చెప్పగలిగేది వారే.